కుక్కను సముద్రానికి తీసుకెళ్తున్నారా? ముందు దాని నోటి మీద ఓ కన్నేసి ఉంచండి

మూడేళ్ళ ల్యాబ్రడార్ బ్రూనోని, తొమ్మిదేళ్ళ పగ్ చిన్నీని కారులో వెంటబెట్టుకుని నాలుగు రోజులు సముద్రం ఒడ్డున గడిపి రావాలనుకుంటున్నామని రాశారు. రెండూ ఇంతవరకు సముద్రం చూడలేదన్నారు. బ్రూనో ఎక్కడ మునిగిపోతాడోనని ఇంట్లో అందరికీ టెన్షన్. లైఫ్ జాకెట్ కొనాలా, ఉప్పునీళ్ళు చర్మం దురదకు మంచివంటారు నిజమేనా, మేం భోజనానికి బయటికెళ్తే గదిలో వదిలేయొచ్చా అని కూడా అడిగారు.

నేను పెంపుడు జంతువుల డాక్టర్‌ని. మా క్లినిక్ సముద్రానికి దగ్గర్లోనే ఉంటుంది. సెలవుల సీజన్‌లో నీళ్ళలో మునిగి మా దగ్గరికొచ్చే కుక్కలు అరుదు. వాంతులతోనో, నీళ్ళ విరేచనాలతోనో, గొంతులో గాలం గుచ్చుకునో, కడుపులో ఇసుక గడ్డకట్టో వచ్చేవే ఎక్కువ. ఇవన్నీ నోటి ద్వారా లోపలికి పోయినవే. అందుకని మునగడం సంగతి తర్వాత చెప్తాను, ముందు నోటి సంగతి చూద్దాం.

సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కుక్క బరువులో కిలోకు 2 నుంచి 3 గ్రాముల ఉప్పు తక్కువ వ్యవధిలో లోపలికి పోతే విషలక్షణాలు మొదలవుతాయి. బ్రూనో 30 కిలోలు ఉంటాడనుకుంటే, లెక్క దాదాపు రెండు లీటర్ల దగ్గర తేలుతుంది. అన్ని ఉప్పునీళ్ళు ఎందుకు తాగుతాడండీ అంటారు. గిన్నెలో పోసి పెడితే తాగడు. బంతి విసిరితే తాగుతాడు. ఒకసారి దగ్గర నిలబడి చూడండి. అల మీద తేలుతున్న బంతిని అందుకోవడానికి నోరు బార్లా తెరుస్తాడు. బంతి పళ్ళ మధ్య ఇరుక్కున్నాక పెదవులు రెండు పక్కలా తెరుచుకునే ఉంటాయి. ఒడ్డుదాకా ఈదుకుంటూ వచ్చేంతసేపూ ఆ సందుల్లోంచి నీళ్ళు పోతూనే ఉంటాయి. బంతి మీ కాళ్ళ దగ్గర పడేశాక గొంతు రెండు మూడుసార్లు కదులుతుంది చూడండి, నోట్లో మిగిలిందంతా మింగేశాడన్నమాట. ఇదే ఆట అరగంట సాగిందనుకోండి, మీరే లెక్క వేసుకోండి. అలలను కరవడానికి ఎగబడే కుక్కలైతే ఇంకా తొందరగా తాగేస్తాయి.

కొంచెం తాగితే విరేచనాలతో పోతుంది. ఉప్పు పేగుల్లోకి నీటిని లాగుతుంది కాబట్టి ఆ సాయంత్రమో, రాత్రో పిచికారీ కొట్టినట్టు అవుతుంది. హుషారుగా ఉండి, మంచినీళ్ళు తాగుతూ ఉంటే ఒక రోజులో సర్దుకుంటుంది. ఎక్కువ తాగితే మాత్రం రక్తంలో సోడియం పెరిగి, మెదడు కణాల్లోంచి నీరు బయటికి లాగేస్తుంది. అప్పుడు ఆగని వాంతులు, తూలుతూ నడవడం, వణుకు, ఎంత పిలిచినా పట్టించుకోకపోవడం, చివరికి మూర్ఛ. ఈ దశలో ఇంట్లో చేసే వైద్యం లేదు. ఉప్పు తాగింది కదా అని బకెట్ నీళ్ళు ఒకేసారి పట్టించకండి. సోడియం ఎంత ఉందో రక్తపరీక్షలో చూసుకుంటూ సెలైన్‌తో దించాలి. కొన్నిసార్లు తొందరగా దించితే మెదడు వాస్తుంది. అందుకే తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళడమే మంచిది.

రాకుండా చూసుకోవడం మాత్రం చాలా తేలిక. ఇంటి నుంచే మంచినీళ్ళ సీసాలు, మడిచే గిన్నె తీసుకెళ్ళండి. పది నిమిషాలకోసారి ఆట ఆపి బయటికి పిలిచి నీళ్ళు పెట్టండి. దాహం లేనప్పుడే పెడితే సముద్రపు నీళ్ళ జోలికి అంతగా పోడు. పెద్ద బంతికి బదులు పలుచగా, నీళ్ళ మీద తేలే బొమ్మ వాడితే నోరు అంత తెరవాల్సిన పని ఉండదు. ఆట పది నిమిషాలు, విశ్రాంతి పది నిమిషాలు. ల్యాబ్‌లు, అంటే ల్యాబ్రడార్‌లు, తమంతట తాము చాలించవు, మీరే చాలించాలి.

పనిలో పని, ఇంకో మాట. సముద్రం బాగా లేదని రిసార్ట్ స్విమ్మింగ్ పూల్‌లోనో, చెరువులోనో ఇదే ఆట గంటలకొద్దీ ఆడిస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య వస్తుంది. మంచినీళ్ళు మితిమీరి తాగి రక్తంలో సోడియం పడిపోతుంది. పొట్ట ఉబ్బడం, తూలడం, వాంతులు. అదీ ప్రాణం మీదికి తెచ్చేదే. నీళ్ళు ఏవైనా ఆట కొద్దికొద్దిగానే ఉండాలి.

ఇసుక కూడా నోట్లోకే పోతుంది. తడిసిన టెన్నిస్ బంతికి ఇసుక ఎలా అంటుకుంటుందో చూశారుగా, విసిరిన ప్రతిసారీ కొంత మింగుతాడు. అదే ఇసుక పళ్ళను కూడా అరగదీస్తుంది. గొయ్యి తవ్వుతూ మూతి లోపల పెట్టేసే కుక్కలు, ఇసుకలో పడిన బజ్జీ ముక్కను ఇసుకతో సహా నాకేసే కుక్కలు ఇంకో రకం. పేగుల్లో అదంతా గడ్డకట్టి అడ్డంపడితే వాంతులు, కడుపు ముట్టుకుంటే మూలగడం, ముక్కినా రాకపోవడం. ఎక్స్‌రేలో ఇసుక తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది, మాకు వెంటనే తెలిసిపోతుంది. చాలావరకు సెలైన్, మందులతో కదులుతుంది కానీ కొన్నింటికి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అందుకని నున్నటి రబ్బరు బొమ్మలు వాడి మధ్యమధ్య కడుగుతూ ఉండండి. తిండి ఇసుక మీద కాదు, కారు దగ్గరో గదిలోనో పెట్టండి. మలంలో రెండు రోజులు కాస్త ఇసుక కనబడితే కంగారు పడకండి, బయటికి వస్తోందంటే మంచిదే.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాటితో కాస్త గట్టిగా ఉండాలి. కుళ్ళిన చేప కుక్కకు అత్తరు. దాని మీద పొర్లితే మీ ముక్కుకే కష్టం, స్నానం చేయిస్తే పోతుంది. తింటేనే ప్రమాదం. బెదిరితే బంతిలా ఉబ్బిపోయే పఫర్ చేపలు చచ్చి ఒడ్డున పడి ఉంటాయి. వాటిలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం ఎండినా, ఉడికినా పోదు. దానికి విరుగుడు మందు లేదు. చొల్లు కారడం, వెనక కాళ్ళు పట్టు తప్పడం మొదలై ఊపిరి కండరాలదాకా వస్తుంది. ఊపిరి ఆడేలా యంత్రం పెట్టి విషం దిగేదాకా కాచుకోవడమే వైద్యం. జెల్లీఫిష్ చచ్చి ఒడ్డున పడినా కుడుతుంది. మూతికో కాలికో తగిలితే సముద్రపు నీళ్ళతోనే కడగండి. మంచినీళ్ళు పోస్తే మిగిలిన ముళ్ళు మళ్ళీ విషం వదులుతాయి. ఇసుకతో రుద్దడం కూడా అంతే. అతుక్కున్న తీగలను చేత్తో కాకుండా పట్టకారుతో తీయండి.

చేపలు పట్టేవాళ్ళు కూర్చునే చోటికి మాత్రం అసలు వెళ్ళకండి. ఎర వాసన తగిలిందంటే ల్యాబ్ గాలాన్ని కూడా మింగేస్తుంది. నోట్లోంచి దారం వేలాడుతూ కనబడితే చేతులు కట్టుకోవాలి, అంతే. లాగితే ముల్లు గొంతులోనో కడుపులోనో ఇంకా లోతుగా దిగుతుంది. దారాన్ని కురచగా కత్తిరించడం కూడా తప్పే. అది ఉంటేనే ముల్లు ఎక్కడుందో మాకు దారి దొరుకుతుంది. బయట వేలాడే కొసను కాలరుకు కట్టి, మళ్ళీ మింగకుండా పట్టుకుని తీసుకురండి.

ఈ గొడవలన్నిటికీ ఒక్క ఆయుధం, “వదిలెయ్” అన్న మాట. వెళ్ళే లోపు ఇంట్లో రోజూ నేర్పండి. నోట్లో ఉన్నది వదిలితే దానికన్నా మంచిది దొరుకుతుందని వాడికి అర్థం కావాలి. వెంటపడి నోరు తెరిచి లాక్కుంటే కుక్క ఒకే పాఠం నేర్చుకుంటుంది, దొరికింది తొందరగా మింగెయ్యాలని.

ఇప్పుడు ఎండ. ఒడ్డున గాలి వీస్తుంటుంది కాబట్టి మనకు వేడి తెలియదు. కుక్కకు చెమట అరికాళ్ళలో తప్ప దాదాపు పట్టదు, ఒంట్లో వేడిని దించుకునేది రొప్పడం ద్వారానే. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రొప్పినా నాలుక మీది తడి సరిగ్గా ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటిందంటే వడదెబ్బే. మొదట రొప్పడం వేగం పెరుగుతుంది, నాలుక వెడల్పుగా సాగి ముదురు ఎరుపు తేలుతుంది, చొల్లు చిక్కగా జిగురుగా మారుతుంది. తర్వాత తూలుతుంది. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, చిగుళ్ళు ఇటుక రంగులోనో పాలిపోయో ఉన్నా ఆలస్యం చేయకండి.

అప్పుడు ముందు చల్లబరచండి, తర్వాతే ప్రయాణం. నీడలోకి తీసుకెళ్ళి ఒళ్ళంతా తడిసేలా నీళ్ళు పోయండి, దొరక్కపోతే సముద్రపు నీళ్ళయినా సరే. పోస్తూనే విసరండి. చల్లటి నీళ్ళు పోస్తే రక్తనాళాలు మూసుకుపోతాయని చాలామంది ఆగిపోతారు, ఆ మాటను ఇప్పుడు పట్టించుకోనక్కర్లేదు. తడి తువ్వాలు కప్పి వదిలేయడం మాత్రం వద్దు, కాసేపటికి అదే వేడెక్కి ఆవిరిని లోపలే ఆపేస్తుంది. కారు ఏసీ పెట్టి, దారి పొడుగునా తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లేచి తోక ఊపినా సరే, తీసుకెళ్ళండి. లోపల కిడ్నీలకు, పేగులకు జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

కాబట్టి ఒడ్డుకు వెళ్ళేది పొద్దున్నే, మళ్ళీ పొద్దు వాలాక. ఇసుక మీద అరచేయి వెనక భాగం పెట్టి ఏడు సెకన్లు ఉంచగలిగితే కుక్క కాళ్ళు కూడా ఓర్చుకుంటాయి. “రెండు నిమిషాల్లో వచ్చేస్తాం” అని కారులో మాత్రం వదలకండి. బయట 24 డిగ్రీలున్నా పది నిమిషాల్లో లోపల 34కి చేరుతుంది, అద్దం కాస్త దించితే పెద్దగా తేడా ఉండదు. వేసవి కదా అని బ్రూనోకి గుండు చేయించే ఆలోచన ఉంటే మానుకోండి. ల్యాబ్‌కి ఉండే రెండు పొరల బొచ్చు వేడి లోపలికి రాకుండా కూడా ఆపుతుంది. ముక్కు, చెవుల అంచులు, పొట్ట లేత రంగులో ఉంటే కుక్కల కోసం చేసిన సన్‌స్క్రీన్ రాయండి. మనం వాడేవాటిలో ఉండే జింక్ ఆక్సైడ్ నాకితే వాంతులు చేసుకుంటుంది, ఎక్కువైతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

ఇక మునగడం గురించి. కాళ్ళాడించడం కుక్కకు పుట్టుకతో వస్తుంది, అలల్లో ఈదడం రాదు. లైఫ్ జాకెట్ కొనండి, వీపు మీద పట్టుకునే పిడి ఉన్నది. ఇంట్లో వేసి తిప్పి అలవాటు చేశాకే నీళ్ళలోకి దింపండి. మొదటి రోజు ఎత్తుకెళ్ళి నీళ్ళలో వేయకండి. హార్నెస్‌కి (ఛాతీకి తొడిగే పట్టీకి) పొడవాటి తాడు కట్టి, మీరు మోకాలి లోతులో నిలబడి వాడిని వాడి ఇష్టానికి వదిలేయండి. మొదటి పూట పాదాలు తడుపుకుని వెనక్కి ఉరికినా చాలు. అలలు విరగకుండా నున్నగా, మిగతా నీటికన్నా ముదురుగా కనిపించే పట్టీ ఉంటే అటు వెళ్ళొద్దు, అక్కడ నీరు లోపలికి లాగుతుంది. ఒకవేళ వాడిని లాగేస్తే మీరు వెంట దూకకండి. ఇలాంటప్పుడు చాలాసార్లు కుక్క ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కుతుంది, దాని కోసం దూకిన మనిషే పోతాడు. ఒడ్డు వెంబడి నడుస్తూ పిలవండి, లైఫ్‌గార్డ్‌ని కేకేయండి.

మర్నాడు పొద్దున బ్రూనో తోక మొదట్లో రెండు అంగుళాలు నిలబడి మిగతాది చచ్చుబడినట్టు వేలాడుతుంటే విరిగిందని భయపడతారు. ల్యాబ్‌లకు ఎక్కువసేపు ఈదాక, ముఖ్యంగా చల్లటి నీళ్ళలో, తోక మొదట్లోని కండరాలు పట్టేసి అలా అవుతుంది. కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గుతుంది. నొప్పి అంటున్నాడని మీ పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వేయకండి, కుక్కలకు రెండూ ప్రమాదమే. మెత్తటి ఇసుకలో గంటలకొద్దీ పరుగు కూడా వద్దు. మోకాలి లిగమెంటు తెగే జాతుల్లో ల్యాబ్ ముందుంటుంది, కాస్త ఒళ్ళు చేసి ఉంటే మరీను. అలలు తడిపి గట్టిపడిన ఇసుక మీద నడిపించండి.

ఉప్పునీళ్ళు దురదకు మందు కాదు. పైగా ఒంటి మీద ఆరిన ఉప్పు, ఇసుక కలిసి దురద పెంచుతాయి. ఇప్పటికే గోక్కుంటున్న చోటైతే రాత్రికి రాత్రి తడి పుండుగా మారుతుంది. ప్రతి పూటా మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో, చంకల్లో, కాలరు కింద ఆరేదాకా తుడవండి. చెవులు వేలాడే కుక్క కాబట్టి చెవి మడత ఎత్తి దూదితో పైపైన తుడవండి, ఇయర్ బడ్స్ లోపలికి పెట్టొద్దు. తల విదిలించడం, చెవిలోంచి పుల్లటి వాసన, ఇవి ఇంటికొచ్చాక రెండు మూడు రోజులకు కూడా మొదలవ్వొచ్చు. కంట్లో ఇసుక పడితే సెలైన్‌తో కడగండి. కడిగాక కూడా ఆ కన్ను మూసే ఉంచుతుంటే నల్లగుడ్డు మీద గీత పడిందేమో చూడాలి. ఇంట్లో పాత చుక్కల మందు ఉంది కదా అని వేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే చిన్న గీత కాస్తా పెద్ద పుండవుతుంది.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు తేలిగ్గా తినిపించండి, కారులో హార్నెస్‌ని బెల్టుకు కట్టండి, కిటికీలోంచి తల పెట్టనివ్వకండి. కాలరు బిళ్ళ మీద మీ దగ్గరుండే ఫోన్ నంబరు ఉండాలి. మైక్రోచిప్ వేయించి ఉంటే దాని నంబరు కింద నమోదైన అడ్రసు పాతదేమో చూసుకోండి. రేబీస్, లెప్టోస్పైరోసిస్ టీకాలు, పేలు, గోమార్ల మందు, దోమల వల్ల వచ్చే గుండె పురుగుల మాత్ర ఇవన్నీ నెల ముందే చూసుకోండి. లెప్టో మొదటిసారి అయితే వారాల తేడాతో రెండు డోసులు కావాలి, ముందు రోజు పరిగెత్తితే కుదరదు. వాడు తినే తిండే తీసుకెళ్ళండి, అక్కడ కొత్త బ్రాండ్ మొదలుపెట్టకండి.

గదిలో వదిలేయడం మొదటి రోజు వద్దు. కొత్త వాసనలు, కొత్త చప్పుళ్ళు. మీరు మళ్ళీ వస్తారో రారో దానికేం తెలుసు? ఇంట్లో వాడు పడుకునే పాత దుప్పటి ఉతక్కుండానే తీసుకెళ్ళి పరవండి. రెండో రోజు పొద్దున బాగా తిప్పి, కడుపునిండా పెట్టి, నిద్ర ముంచుకొచ్చాక పది నిమిషాలు బయటికెళ్ళి తలుపు దగ్గర వినండి. అరవకపోతే ఆ తర్వాత ఒక గంట వదలొచ్చు. ఏసీ వేసి, కరెంటు పోతే మళ్ళీ దానంతట అది ఆన్ అవుతుందో లేదో కనుక్కుని మరీ వెళ్ళండి. చాక్లెట్లు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ సంచుల్లో కింద పెట్టి పోకండి.

చిన్నీ సంగతి వేరు. పగ్‌కు ముక్కు పొట్టి, గొంతు మార్గం ఇరుకు. రొప్పి వేడి దించుకునే పని దానికి సగం కూడా చేతకాదు. పైగా తల బరువు, మూతి పొట్టి కావడంతో ఈదేటప్పుడు ముక్కు నీటి పైన నిలవదు, జాకెట్ లేకుండా చీలమండ లోతు దాటనివ్వకండి. తొమ్మిదేళ్ళు వచ్చాయి కాబట్టి వెళ్ళే ముందు గుండె, ఊపిరి ఒకసారి మీ డాక్టర్‌కి చూపించండి. గురక ఎక్కువగా ఉన్నా, నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోతున్నా దానికి ఈ ప్రయాణం వద్దు, తెలిసినవాళ్ళ దగ్గర ఉంచి వెళ్ళండి. డాక్టర్ సరేనంటే పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట, అదీ మెడకు కాలరు కాకుండా హార్నెస్‌తో. మిగతా సమయం చల్లటి గదిలో పడుకోనివ్వండి. అప్పుడు మీలో ఒకరు దాని దగ్గర ఉండేలా వంతులు వేసుకోండి, ఎందుకంటే బ్రూనో వేగానికి చిన్నీని నడిపిస్తే చిన్నీకి కష్టం, చిన్నీ వేగానికి బ్రూనోని ఆపితే మీ చేతులకు కష్టం.